కిడ్నీ పెట్టేముందే షుగర్ సంగతి చెప్పండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అవయవదానం వ్యవహారాలు చూసే జీవన్‌దాన్ అధికారులకు, రెండు రాష్ట్రాల్లో కిడ్నీ మార్పిడి చేస్తున్న ఆసుపత్రుల నెఫ్రాలజీ డాక్టర్లకు,

నమస్కారం.

నేను శ్రీకాకుళంలో ఉంటాను. హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మా తమ్ముడికి నా ఎడమ కిడ్నీ ఇచ్చాను. అది చక్కగా పనిచేస్తోంది. వాడు మళ్లీ ఉద్యోగానికి వెళ్తున్నాడు, పిల్లలతో ఊళ్లు తిరుగుతున్నాడు. ఆ పని చేసిపెట్టిన డాక్టర్లకు, నర్సులకు మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం. ఆ కృతజ్ఞతతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆపరేషన్ అయిన కొన్ని నెలలకు మా తమ్ముడికి షుగర్ వచ్చింది. అంతకుముందు లేదు. బయటపడేసరికే మూడు వందలు దాటింది, ఇప్పుడు ఇన్సులిన్ మీద ఉన్నాడు. ఇలా రావచ్చని ఆపరేషన్‌కు ముందు మాకెవరూ చెప్పలేదు. ఎవరికి ఎంత ముప్పు ఉందో అంచనా వేసే పద్ధతులు ఉన్నాయని, వాటికి కావలసిన వివరాలు చాలావరకు వాడి ఫైల్లోనే ఉన్నాయని తర్వాత చదువుకుంటే తెలిసింది. అందుకే మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. మార్పిడికి వెళ్లే ప్రతి మనిషికీ షుగర్ ముప్పు ఎంతో ముందే లెక్కగట్టండి. దాన్ని కాగితం మీద రాసి చేతికివ్వండి. ఆ లెక్క మన ఒళ్లకు సరిపోయే కొలతలతో వేయండి.

దాతగా నాకు చేసిన పరీక్షల్లో ఒకటి బాగా గుర్తుంది. మా అమ్మకు షుగర్ ఉందని చెప్పగానే నాకు గ్లూకోజ్ పరీక్ష రాశారు. పరగడుపున రక్తం తీసుకున్నారు. 75 గ్రాముల గ్లూకోజ్ కలిపిన నీళ్ల గ్లాసు చేతికిచ్చారు. వాంతి రాకుండా నర్సమ్మ అందులో నిమ్మచెక్క పిండింది. రెండు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టి మళ్లీ రక్తం తీశారు. ఆ రెండు గంటలూ మా తమ్ముడు నా పక్కనే ఉన్నాడు, డయాలసిస్ కోసం చేసిన ఫిస్టులా ఉన్న చేతి మీద తువ్వాలు కప్పుకుని. వాడిదీ అదే అమ్మ. వాడికి మాత్రం ఆ పరీక్ష చేయలేదు. పరగడుపు షుగర్ 98 వచ్చిందని కాగితం మీద నార్మల్ అని టిక్ పెట్టి పంపించారు.

ఒక కిడ్నీతో బతకబోయే దాతను అంత జాగ్రత్తగా చూడటం సరైన పనే, అందులో నాకు ఏ అభ్యంతరమూ లేదు. అయితే షుగర్ తెప్పించే మందులు జీవితాంతం మింగబోయేది వాడు. ఆ గ్లాసు వాడికీ ఇచ్చి ఉండాల్సింది.

ఈ జబ్బు ఎలా వస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ ఇది బహిరంగ లేఖ. మార్పిడి కోసం ఎదురుచూస్తున్న కుటుంబాలు కూడా చదువుతాయి కాబట్టి వాళ్ల కోసం రాస్తున్నాను. పెట్టిన కిడ్నీని శరీరం పరాయిదనుకుని దాడి చేయకుండా టాక్రోలిమస్, స్టిరాయిడ్ లాంటి మందులు ఇస్తారు. టాక్రోలిమస్ రక్షక కణాల్లో కాల్సిన్యూరిన్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది. అదే ఎంజైము క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలకూ కావాలి. దాంతో ఇన్సులిన్ తయారీ తగ్గుతుంది. మరోపక్క స్టిరాయిడ్ వల్ల ఉన్న ఇన్సులిన్ మాట ఒళ్లు సరిగా వినదు, కాలేయం చక్కెరను ఎక్కువగా వదులుతుంది. తయారీ తగ్గడం, అవసరం పెరగడం రెండూ ఒకేసారి జరుగుతాయన్నమాట. అదే పనికి వాడే సిరోలిమస్, ఎవెరోలిమస్ మందులతోనూ షుగర్ పెరగొచ్చు. హెపటైటిస్ సి, సైటోమెగాలోవైరస్ ఇన్ఫెక్షన్లు, రక్తంలో మెగ్నీషియం తక్కువగా ఉండటం, కుటుంబంలో షుగర్, వయసు, నడుము చుట్టూ కొవ్వు ఈ ముప్పును పెంచేవే.

ఇంకో సంగతి ఉంది, అది నన్ను బాగా ఆలోచనలో పడేసింది. ఒంట్లో ఇన్సులిన్‌ను విరగ్గొట్టి బయటికి పంపే పనిలో కిడ్నీలకు పెద్ద వాటా ఉంది. కిడ్నీలు చెడిపోయినవాళ్లలో ఇన్సులిన్ ఎక్కువసేపు నిలిచి ఉంటుంది. క్లోమం అప్పటికే నీరసంగా ఉన్నా షుగర్ అంకె పైకి కనపడదు. కొత్త కిడ్నీ పనిచేయడం మొదలుపెట్టగానే ఆ ఆసరా పోతుంది. డయాలసిస్ రోజుల్లోని మంచి అంకెను చూసి నిశ్చింతగా ఉండటానికి లేదని దీని అర్థం. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా ఇక్కడ మోసం చేస్తుంది. రక్తహీనత, రక్తం పట్టడానికి ఇచ్చే ఎరిత్రోపొయెటిన్ ఇంజెక్షన్లు, రక్తం ఎక్కించడం, ఇవన్నీ ఆ అంకెను తగ్గించి చూపించగలవు. అందుకే మార్పిడి తర్వాత తొలి నెలల్లో ఆ ఒక్క పరీక్షనే నమ్ముకోవద్దని 2013లో వియన్నాలో సమావేశమైన అంతర్జాతీయ నిపుణులు చెప్పారు.

ఇదేమీ నిన్న మొన్న తెలిసిన విషయం కాదు. అమెరికా సర్జన్ థామస్ స్టార్జల్ 1964లోనే కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారిలో స్టిరాయిడ్ వల్ల వచ్చే షుగర్ గురించి రాశారు. అమెరికాలో 1996 నుంచి 2000 మధ్య మార్పిడి జరిగిన 11 వేల మందికి పైగా రోగుల లెక్కలు 2003లో వెలువడ్డాయి. మూడు నెలలకు 9 శాతం మందికి, ఏడాదికి 16 శాతానికి, మూడేళ్లకు 24 శాతానికి కొత్తగా షుగర్ వచ్చింది. అంటే మూడేళ్లలో దాదాపు ప్రతి నలుగురిలో ఒకరికి. షుగర్ వచ్చినవారిలో గుండెపోటు, ఇన్ఫెక్షన్ల ముప్పు పెరుగుతుంది. పెట్టిన కిడ్నీకీ మంచిది కాదు.

మన దేశానికి వస్తే, భారత వైద్య పరిశోధన మండలి జరిపిన ఇండియాబ్ అధ్యయనం 2023లో దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉందని, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గడపలో ఉన్నారని అంచనా వేసింది. అదే ఏడాది దేశంలో 18 వేలకు పైగా అవయవ మార్పిడులు జరిగాయి, వాటిలో ఎక్కువ కిడ్నీలే. షుగర్ గడపలో ఇంతమంది ఉన్న దేశంలో, దాన్ని లోపలికి తోసే మందులు ఇచ్చేముందు ఎవరు గడప మీద ఉన్నారో చూసుకోవద్దా?

తెలుసుకోవడానికి ఖర్చు కూడా పెద్దగా లేదు. అమెరికాలోని అరిజోనాలో మాయో క్లినిక్ డాక్టర్లు 2011లో ఒక ముప్పు లెక్క ప్రచురించారు. ఆపరేషన్‌కు ముందు చూడగలిగే ఏడు అంశాలు అందులో ఉన్నాయి. వయసు 50 లేదా పైన ఉండటం, మార్పిడి తర్వాత స్టిరాయిడ్ కొనసాగించాలని అనుకోవడం, గౌట్ (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్లనొప్పి) మందు వాడటం, బీఎంఐ (ఎత్తును బట్టి చూసే బరువు కొలత) 30 లేదా పైన ఉండటం, పరగడుపు షుగర్ 100 లేదా ఎక్కువ, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు 200 లేదా ఎక్కువ, కుటుంబంలో షుగర్. రక్తపరీక్ష రిపోర్టు, బరువు తూచే మిషను, నాలుగు ప్రశ్నలు ఉంటే చాలు. ఏ ఆసుపత్రిలోనైనా పది నిమిషాల పని.

మా తమ్ముడి అనుమతితో వాడి ఫైలు ముందు పెట్టుకుని ఆ లెక్క వేసి చూశాను. వయసు 43. బీఎంఐ 24. పరగడుపు షుగర్ 98. ట్రైగ్లిజరైడ్లు 190. నాలుగూ గీతకు ఇవతలే. అమ్మకు షుగర్, స్టిరాయిడ్ కొనసాగింపు, ఈ రెండే కచ్చితంగా పడ్డాయి. గౌట్ మందు దగ్గర ఆగిపోయాను. వాడు గౌట్‌కు ఇచ్చే ఫెబుక్సోస్టాట్ మాత్ర మింగేవాడు, కానీ గౌట్ ఎప్పుడూ లేదు. కిడ్నీ జబ్బులో యూరిక్ యాసిడ్ పెరిగిందని ఆ మాత్ర రాయడం మన దగ్గర మామూలే. అమెరికాలో గౌట్ మందు అనే ప్రశ్న ఏది పట్టి ఇస్తుందో, మన ఫైళ్లలో అదే పట్టి ఇస్తుందని చెప్పలేం.

తర్వాత చెన్నైలో షుగర్ డాక్టరు మోహన్ గారి మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ 2005లో తయారుచేసిన భారతీయ షుగర్ ముప్పు స్కోరు తీశాను. అందులో నాలుగే ప్రశ్నలు. వయసుకు వాడికి 20. నడుము టేపుతో కొలిస్తే 94 సెంటీమీటర్లు, దానికి 10. కూర్చుని చేసే ఉద్యోగం, వ్యాయామం లేదు, దానికి 30. అమ్మకు షుగర్, 10. మొత్తం 70. ఆ స్కోరులో 60 నుంచే ఎక్కువ ముప్పు కింద లెక్క. ఒకే మనిషి, ఒకే రోజు ఫైలు. ఒక లెక్కలో చాలా అంశాలు నార్మల్. ఇంకో లెక్కలో మొదటి చూపులోనే దొరికిపోయాడు.

చెన్నై స్కోరు మామూలు జనం కోసం చేసింది, మార్పిడి రోగుల కోసం కాదు. దాన్నే యథాతథంగా వాడమని నేను అడగడం లేదు. నేను చూపిస్తున్నది ఆ బీఎంఐ 30 అనే గీత గురించి. మనవాళ్లలో తక్కువ బరువుకే షుగర్ వస్తుందని అందరికీ తెలుసు. ఆసియా జనాలకు 23 నుంచే జాగ్రత్త పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లోనే చెప్పారు. మా జిల్లా ఉద్దానం వైపు వెళ్లి చూడండి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు పల్లెల్లో కిడ్నీ జబ్బుతో ఉన్న జీడితోట కూలీల్లో బీఎంఐ 30 ఉన్నవాళ్లు ఎంతమంది కనిపిస్తారు? బక్కపల్చటి మనుషులు, ఎండలో పనిచేసినవాళ్లు. జబ్బు కారణమే ఇంకా తేలని ప్రాంతం అది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు. అక్కడి నుంచి మార్పిడికి వెళ్లే మనిషి ముప్పు ఎంతో అరిజోనా ఫారం చెప్పగలదా? చెప్పలేకపోవచ్చు. చెప్పగల ఫారం మనమే తయారుచేసుకోవాలి.

కుటుంబంలో షుగర్ ఉందా అనే ప్రశ్నకూ మన దగ్గర జవాబు అంత తేలిగ్గా రాదు. "మా నాయనకు లేదమ్మా" అంటారు. ఎప్పుడైనా పరీక్ష చేయించారా అంటే లేదంటారు. "కాలికి పుండు పడి మానలేదు, ఆ తర్వాత పోయాడు" అని తర్వాతి మాటలో వస్తుంది. ఆ రెండో ప్రశ్న కూడా ఫారంలో ఉండాలి. దాతగా వచ్చేది చాలాసార్లు అమ్మో, అక్కో, అన్నో కాబట్టి దాతకు చేసిన గ్లూకోజ్ పరీక్ష ఫలితం కూడా రోగి ముప్పును కొంత చెబుతుంది. ఆ రెండు ఫైళ్లూ ఒకే బీరువాలో ఉంటాయి. పక్కపక్కన పెట్టి చూడమనే నేను అడుగుతున్నది.

ముందే తెలిస్తే ఏం చేయగలం అని కొందరు అడుగుతారు. చేయగలిగింది చాలానే ఉంది. 2007లో ప్రచురించిన డైరెక్ట్ అనే అధ్యయనంలో మార్పిడి తర్వాత ఆరు నెలలకు కొత్తగా షుగర్ గానీ, పరగడుపు షుగర్ పెరగడం గానీ టాక్రోలిమస్‌కు బదులు వాడే సైక్లోస్పోరిన్ తీసుకున్నవారిలో 26 శాతానికి, టాక్రోలిమస్ వాడినవారిలో 33.6 శాతానికి కనిపించింది. జర్మనీలో జరిగిన హార్మనీ అధ్యయనం 2016లో వచ్చింది. రిజెక్షన్ (కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టడం) ముప్పు తక్కువగా ఉన్నవారిలో స్టిరాయిడ్‌ను మొదటి రోజుల్లోనే ఆపేస్తే, ఏడాదిలో షుగర్ వచ్చినవారు 39 శాతం నుంచి 24 శాతం దగ్గరికి తగ్గారు, రిజెక్షన్ పెరగలేదు. వియన్నాలో 50 మందితో చేసి 2012లో ప్రచురించిన ఇంకో అధ్యయనం ఉంది. ఆపరేషన్ అయిన వెంటనే సాయంత్రం షుగర్ 140 చేరినవారికి ఆలస్యం చేయకుండా ఇన్సులిన్ మొదలుపెట్టి, అలసిపోయిన బీటా కణాలకు విశ్రాంతినిచ్చారు. ఏడాది తిరిగేసరికి ఆ గుంపులో ఎవరికీ ఇన్సులిన్ అవసరం లేకపోయింది. తర్వాత ఎక్కువ మందితో చేసిన పరిశోధనలో ఫలితం అంత తేటగా రాలేదు, కాబట్టి దాన్ని అందరికీ మంత్రంలా వాడమని అనను. కానీ ముప్పు ఎక్కువున్న మనిషి ఎవరో తెలిస్తేనే డాక్టరుకు ఇలాంటివాటిలో ఎంచుకునే వీలుంటుంది.

ఇక్కడ రోగులకు, వాళ్ల ఇంట్లోవాళ్లకు ఒక మాట. ఇది చదివి ఎవరూ టాక్రోలిమస్ గానీ స్టిరాయిడ్ గానీ సొంతంగా మానేయకండి, తగ్గించకండి. కిడ్నీ పోతే మళ్లీ డయాలసిస్ కుర్చీయే. షుగర్‌ను అదుపులో పెట్టుకోవచ్చు. మందు మార్చాలా, మోతాదు తగ్గించాలా అన్నది మీ నెఫ్రాలజిస్టు రక్తంలో మందు లెవెల్స్ చూసి చెప్పాల్సిన మాట.

డాక్టర్లలో కొందరి భయం నాకు అర్థమవుతుంది. ముందే షుగర్ మాట ఎత్తితే రోగి బెదిరిపోతాడని, మార్పిడే వద్దంటాడని. మా తమ్ముడిని అడిగాను, ముందే తెలిస్తే వద్దనేవాడివా అని. "డయాలసిస్ చేయించుకున్నవాడెవడూ వద్దనడు. టెన్షన్ పడేవాణ్ని, అంతే. కానీ ఆ మామిడిపళ్లు అన్ని తినేవాణ్ని కాదు" అన్నాడు.

ఆ మామిడిపళ్ల సంగతి చెప్పాలి. డయాలసిస్ మీద ఉన్నన్నాళ్లూ నీళ్లు గ్లాసుతో కొలిచి తాగాడు. పొటాషియం భయంతో అరటిపండు, కొబ్బరినీళ్లు ముట్టుకోలేదు. టమాటా పప్పు వాసన చూసి లేచి వెళ్లిపోయేవాడు. మార్పిడి అయ్యాక ఆకలి తిరిగొచ్చింది, స్టిరాయిడ్ ఆ ఆకలిని ఇంకా పెంచింది. చూడ్డానికి వచ్చిన ప్రతి చుట్టమూ ఒక పళ్ల బుట్ట తెచ్చారు. అమ్మ పూటపూటా వేడివేడిగా వండి పెట్టింది. బుగ్గలు వచ్చాయి, మొహంలో కళ వచ్చిందని అందరం సంతోషించాం. బరువు పెరుగుతుంటే ఆరోగ్యం అనుకున్నాం. నీళ్లు బాగా తాగమని డాక్టర్లే చెప్పారు కాబట్టి దాహం వేస్తుంటే, బాటిల్ తర్వాత బాటిల్ ఖాళీ అవుతుంటే ఎవరికీ అనుమానం రాలేదు. రాత్రి నాలుగైదు సార్లు లేస్తుంటే "అక్కా, నీ కిడ్నీ భలే పనిచేస్తోంది" అనేవాడు. షుగర్ వచ్చిందని చెప్పే గుర్తులన్నీ కిడ్నీ బాగుందని చెప్పే గుర్తుల్లా కనిపించాయి మాకు. ముప్పు ఉందని ఒక కాగితం మా చేతిలో ఉండి ఉంటే ఆ దాహాన్ని వేరేగా చూసేవాళ్లం.

పరీక్షల్లో ఎందుకు దొరకలేదంటారా? చెకప్‌కు వెళ్లే రోజు పొద్దున్నే మాత్ర వేసుకోకుండా రమ్మంటారు, రక్తంలో టాక్రోలిమస్ లెవెల్ చూడటం కోసం. పరగడుపున రక్తం తీస్తారు. అదే రక్తంతో షుగర్ కూడా చూస్తారు. మార్పిడి రోగులకు అదే అత్యంత మంచి అంకె వచ్చే వేళ. స్టిరాయిడ్ మాత్ర పొద్దున వేసుకుంటే దాని ప్రభావం మధ్యాహ్నం నుంచి సాయంత్రం వరకు గట్టిగా ఉంటుంది. షుగర్ అప్పుడే ఎగబాకుతుంది. రాత్రి గడిచి తెల్లవారేసరికి మళ్లీ దిగుతుంది. మా తమ్ముడి పరగడుపు అంకెలు 104, 108 అలా ఉండేవి. క్లినిక్‌లో అందరి కళ్లూ కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ మీదే, మావి కూడా. సాయంత్రం నాలుగింటికి వేలు గుచ్చి ఒక్క స్ట్రిప్పు వాడి చూసినవాళ్లు లేరు.

2009లో కిడ్నీ జబ్బుల అంతర్జాతీయ సంస్థ కేడీగో ఇచ్చిన మార్గదర్శకాలు మార్పిడి తర్వాత మొదటి నాలుగు వారాలు వారం వారం, ఆ తర్వాత ఏడాది వరకు మూడు నెలలకోసారి, ఆపైన ఏటా షుగర్ చూడమన్నాయి. టాక్రోలిమస్, స్టిరాయిడ్ మోతాదు బాగా పెంచినప్పుడూ చూడమన్నాయి. చూసే వేళ కూడా మనం కలుపుకోవాలి. ముప్పు ఎక్కువని తేలినవారి ఇంటికి మందుల కిట్‌తోపాటు ఒక గ్లూకోమీటరు, స్ట్రిప్పులు వెళ్లేలా చూడండి. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్యసేవ కింద మార్పిడి జరిగేవారికి ఇది మరీ ముఖ్యం. నగరానికి చెకప్‌కు రావాలంటే వాళ్లకు ఒక రోజు కూలీ పోతుంది, బస్సు ఖర్చు అవుతుంది. సాయంత్రం అంకెను ఇంట్లోనే చూసి, ఊళ్లో ఆశా కార్యకర్తకు చూపించినా చాలు.

ఇక మన సొంత లెక్క గురించి. జీవన్‌దాన్ రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి ఫైళ్లు ఉన్నాయి. మార్పిడి ముందు వయసు, బరువు, నడుము, గ్లూకోజ్ పరీక్ష, కుటుంబ చరిత్ర, ఏ మందులు ఎంత మోతాదులో ఇచ్చారు, ఆ తర్వాత నాలుగో వారం, మూడో నెల, ఏడాదికి షుగర్ ఎంత. ఇవి ఒకే రకం ఫారంలో అన్ని ఆసుపత్రులూ నింపితే, పేర్లు తీసేసి ఒకచోట చేరిస్తే, మన జనం మీద మన లెక్క తయారవుతుంది. కంప్యూటర్ నమూనాలు, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అంటూ ఈ మధ్య చాలా పరిశోధనలు వస్తున్నాయి. మంచిదే, రానివ్వండి. కానీ నడుము కొలత ఫైల్లోనే లేకపోతే ఏ యంత్రమూ దాన్ని ఊహించి చెప్పలేదు. ముందు టేపు కావాలి. తయారైన లెక్క నిజంగా పనిచేస్తోందో లేదో వేరే ఆసుపత్రి రోగుల మీద సరిచూడాలి కూడా. ఏ లెక్కా ఒక మనిషికి షుగర్ వస్తుందని గానీ రాదని గానీ తేల్చి చెప్పదు. ముప్పు తక్కువని వచ్చినవారికి పరీక్షలు మానేయడానికి అది సాకు కాకూడదు.

వచ్చే సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టమని కోరుతున్నాను. ఆ ఫారం తయారయ్యేదాకా ఆగనవసరం లేని పని ఒకటుంది. దాతకు గ్లూకోజ్ పరీక్ష రాసిన చీటీ మీదే గ్రహీత పేరు కూడా రాయండి. రేపటి ఓపీ నుంచే చేయవచ్చు. అంకెల కోసం ఎవరి ఫైలుతోనైనా మొదలుపెట్టాలనుకుంటే మా తమ్ముడు తన రికార్డులన్నీ ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. నావి కూడా తీసుకోండి.

ఇట్లు,
ఒక కిడ్నీ దాత,
శ్రీకాకుళం